అట్లిన్: ఐదున్నర వేల మందికి ఒక ఎమ్మెల్యే

1980ల చివర్లో కెనడా పశ్చిమ తీరంలోని బ్రిటిష్ కొలంబియా అసెంబ్లీలో కోక్విట్లం–మూడీ ఎమ్మెల్యే 68,347 మందికి ప్రతినిధి. అట్లిన్ ఎమ్మెల్యే 5,511 మందికి. సభలో ఇద్దరి ఓటుకూ విలువ ఒకటే. ప్రావిన్సు మొత్తమ్మీద ఒక్కో సీటుకు సగటున 42 వేల దాకా జనం పడుతుంటే, అట్లిన్ ఆ సగటుకు దాదాపు 87 శాతం దిగువన ఉండేది. ఈ తేడా రాజ్యాంగానికి విరుద్ధమని 1989లో కోర్టు తేల్చింది. 1991 ఎన్నికలు వచ్చేసరికి అట్లిన్ నియోజకవర్గమే లేదు.

అంకెల వరకే చూస్తే ఇందులో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఓటు విలువ సమానంగా ఉండాలి, లేదు, సరిచేశారు. అయితే 1903 నుంచి 1991 దాకా నడిచిన ఈ నియోజకవర్గం నుంచే బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి పునాది వేసిన మంత్రి వచ్చారు. కెనడాలో ఒక చట్టసభకు ఎన్నికైన తొలి స్టేటస్ ఇండియన్, అంటే ఇండియన్ యాక్ట్ కింద నమోదైన తొలి ఆదివాసి, ఇక్కడి నుంచే గెలిచారు. దేశంలో ఆదివాసుల భూమి హక్కును మలుపు తిప్పిన కేసు ఆ ఎమ్మెల్యే పేరు మీదే నడిచింది. ఆయన చివరికి ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిందీ ఇక్కడే. బంగారం తవ్వుకునేవాళ్ల కోసం గీసిన హద్దులు, ఎవరూ ఆ ఉద్దేశంతో గీయకపోయినా, యాభై ఏళ్ల తర్వాత అక్కడి మూలవాసులకు సభలో చోటు దొరికే మార్గమయ్యాయి. వాళ్ల ఓట్లకు అంత బరువు రావడానికి కారణం నియోజకవర్గం చిన్నది కావడమే. చివరకు దాన్ని పటం మీద నుంచి తీసేయడానికి కారణమూ అదే.

బంగారం గీసిన హద్దులు

1898లో ఫ్రిట్జ్ మిల్లర్, కెనెత్ మెక్‌లారెన్ అనే ఇద్దరు అట్లిన్ సరస్సు దగ్గరి పైన్ క్రీక్‌లో బంగారం కనుక్కున్నారు. అప్పటికే ఉత్తరాన పొరుగున ఉన్న యూకాన్‌లోని క్లోండైక్ బంగారం జ్వరం లోకమంతా పాకి ఉంది. యూకాన్‌కు బయల్దేరినవాళ్లలో వేలమంది దారి మళ్లి ఇటు వచ్చారు. సరిహద్దు దాటి వస్తున్న అమెరికన్లను చూసి విక్టోరియాలోని ప్రావిన్సు ప్రభుత్వానికి గుబులు పుట్టింది. బ్రిటిష్ ప్రజలు కానివాళ్లకు వాగుల్లో, ఇసుకలో బంగారం తవ్వుకునే హక్కు లేదని 1899లో చట్టం చేసింది. అప్పటికే గుడారాలు వేసుకుని కూర్చున్నవాళ్ల మధ్య తగాదాలు ఇంకా ముదిరాయి.

అంతకుముందు వాయవ్య ప్రాంతమంతా కాసియర్ అనే పెద్ద నియోజకవర్గం కింద ఉండేది. 1903 ఎన్నికలకు అట్లిన్ విడిగా వచ్చింది. బ్రిటిష్ కొలంబియాలో పార్టీల పేరు మీద జరిగిన తొలి ఎన్నికలు కూడా అవే. రిచర్డ్ మెక్‌బ్రైడ్ నాయకత్వంలో కన్సర్వేటివ్‌లు అధికారంలో నిలబడ్డారు.

అట్లిన్‌కు, రాజధాని విక్టోరియాకు మధ్య గాల్లో కొలిస్తేనే దాదాపు 1,400 కిలోమీటర్లు. నేల మీద అలా నేరుగా పోయే దారి లేదు. తీరం వెంట ఓడలో అలాస్కాలోని స్కాగ్వే చేరాలి, అంటే అమెరికా గడ్డ మీద దిగాలి. అక్కడి నుంచి వైట్ పాస్ రైల్లో కొండలెక్కి యూకాన్‌లోని కార్‌క్రాస్‌కు. మళ్లీ సరస్సు మీద స్టీమరు. దాని తర్వాత రెండు సరస్సుల మధ్య నేలను దాటించడానికి నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువ పొడవున్న బుల్లి రైలు. దాని ఇంజను పేరు డచెస్. మళ్లించుకునే చోటు లేక ఆ ఇంజను ఒకవైపు ముందుకు, రెండోవైపు వెనక్కి నడిచేది. ఆ రైలు దిగాక అట్లిన్ సరస్సు దాటడానికి ఇంకో పడవ. సొంత ప్రావిన్సులో ఒక మూల నుంచి రాజధానికి పోవాలంటే ఒక పరాయి దేశం, ఒక పొరుగు ప్రాంతం దాటాల్సి వచ్చేదన్నమాట. అట్లిన్ ఊరికి రోడ్డు పడింది 1950 ప్రాంతంలోనే. ఆ రోడ్డు కూడా యూకాన్ వైపు నుంచే వస్తుంది. ఇవాళ కూడా బ్రిటిష్ కొలంబియాలోని ఏ ఊరి నుంచైనా కారులో అట్లిన్ వెళ్లాలంటే ప్రావిన్సు దాటి, తిరిగి లోపలికి రావాల్సిందే.

అలాంటి చోట ఎమ్మెల్యే నియోజకవర్గం చుట్టి రావడం అంటే ఏమిటో ఊహించవచ్చు. తర్వాతి కాలంలో 1989 తీర్పు గురించి వాదించినవాళ్లు జనాభా లెక్క ఎంత గట్టిగా చెప్పారో, ఈ దూరాల సంగతి అంత గట్టిగా చెప్పిన దాఖలా తక్కువ.

డాక్టర్ గారి విశ్వవిద్యాలయం

అట్లిన్ తొలి ఎమ్మెల్యే హెన్రీ ఎస్సన్ యంగ్. వృత్తికి డాక్టరు, పార్టీ కన్సర్వేటివ్. గనుల ఊళ్లో వైద్యం చేస్తూ రాజకీయాల్లోకి వచ్చిన మనిషి 1907 కల్లా ప్రొవిన్షియల్ సెక్రటరీ, విద్యామంత్రి అయ్యారు. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం ఏర్పాటుకు 1908లో చట్టం తెచ్చింది ఆయనే. 1913లో తెరిచిన ఎస్సన్‌డేల్ మానసిక వైద్యశాలకు ఆ పేరు వచ్చింది ఆయన నుంచే. రాజకీయాలు వదిలాక కూడా ప్రావిన్సు ఆరోగ్యాధికారిగా 1939లో చనిపోయేదాకా పనిచేశారు.

బంగారం అయిపోయి జనం పలచబడుతున్న ఊరి తరఫున వచ్చిన మనిషి ప్రావిన్సు అంతటికీ విశ్వవిద్యాలయం కట్టడం ముచ్చటైన సంగతే. చిన్న నియోజకవర్గాల నుంచి సమర్థులైన మంత్రులు వస్తే జనాభా గురించి ఎవరూ అడగరు. అయితే యంగ్‌ను గెలిపించిన ఓటర్ల జాబితాలో ఎవరు లేరన్నది అంతకన్నా ముఖ్యం. 1917 దాకా ఆడవాళ్లు లేరు. ఆ నేల మీద గనులు రాకముందు నుంచీ ఉన్న ట్లింగిట్, టాల్టాన్, కాస్కా జనం లేరు. దక్షిణాన నాస్ నది లోయలో ఉన్న నిస్గా జనం లేరు.

ఇది ఎవరో మరిచిపోయిన విషయం కాదు. 1871లో కెనడాలో చేరిన కొన్నేళ్లకే బ్రిటిష్ కొలంబియా ఆదివాసులకు, చైనీయులకు ఓటు లేకుండా చట్టం చేసింది. 1895లో జపనీయులను, 1907లో భారతదేశం నుంచి వచ్చినవాళ్లను ఆ జాబితాలో చేర్చింది. వాళ్లలో అత్యధికులు పంజాబీలు. చైనీయులకూ భారతీయులకూ ఓటు తిరిగి వచ్చింది 1947లో. ఆదివాసులకు, జపనీయులకు ఇంకో రెండేళ్లు పట్టింది.

ఓటు లేదని ఆ జనం ఊరుకోలేదు. 1887లో నిస్గా, సిమ్షియన్ పెద్దలు తమ భూమి సంగతి మాట్లాడటానికి పడవల్లో విక్టోరియా దాకా వచ్చారు. తెల్లవాళ్లు వచ్చేనాటికి మీరు అడవి మృగాల కన్నా పెద్ద మెరుగేమీ కాదన్నట్టు ప్రావిన్సు ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటివారు, విలియమ్ స్మైత్ మాట్లాడి పంపించారు. 1890లో నిస్గా పెద్దలు భూమి కమిటీ వేసుకున్నారు. 1910లో టెలిగ్రాఫ్ క్రీక్‌లో టాల్టాన్ పెద్దలు ఈ నేల మీద తమ సార్వభౌమత్వం చెక్కుచెదరలేదని ప్రకటన రాశారు. 1913లో నిస్గా వాళ్లు బ్రిటిష్ సామ్రాజ్యపు పై కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కే అర్జీ పెట్టారు. 1927లో ఒట్టావాలోని ఫెడరల్ ప్రభుత్వం చట్టం మార్చి, భూమి దావాల కోసం ఆదివాసులు చందాలు పోగుచేయడాన్నే నేరం చేసింది. ఆ నిషేధం 1951 దాకా నడిచింది. లాయరును పెట్టుకోవడానికి డబ్బు పోగుచేయకూడదు, అసెంబ్లీకి మనిషిని పంపడానికి ఓటు లేదు. అట్లిన్ చరిత్రలో మొదటి సగం ఇది.

ఆ కాలంలోని మిగతా ఎమ్మెల్యేల గురించి చెప్పుకోవాల్సింది తక్కువే. 1916 నుంచి లిబరల్‌ల వంతు వచ్చింది. బంగారం పోయి వెండి, రాగి వచ్చాయి. తీరంలోని ఎన్యాక్స్‌లో రాగి కరిగించే కర్మాగారం, దాని చుట్టూ ఊరు లేచాయి. 1935లో కంపెనీ మూసేసరికి ఊరు ఖాళీ అయింది. ఇక్కడ జనాభా ఎప్పుడూ గనుల ధరలను బట్టి పెరిగేది, తగ్గేది. కదలకుండా ఉన్నది ఓటు లేనివాళ్లే.

1949

ఫ్రాంక్ కాల్డర్ 1915లో నాస్ హార్బర్‌లో పుట్టారు. పసితనంలోనే నిస్గా పెద్ద ఆర్థర్ కాల్డర్ కుటుంబం ఆయన్ని దత్తత తీసుకుంది. ఆయన గురించి నిస్గా వాళ్లు చెప్పుకునే ఒక ముచ్చట ఉంది. భూమి సమస్య ఎవరికీ కదలని కొండలా తయారైందని పెద్దలు సమావేశమై మథనపడుతున్నారట. అప్పుడు ఆర్థర్ కాల్డర్ ఆ చిన్న పిల్లవాణ్ని ఎత్తి బల్ల మీద నిలబెట్టి, వీణ్ని తెల్లవాళ్ల చదువుకు పంపిస్తాను, వాళ్ల మాట, వాళ్ల తీరు నేర్చుకుని వచ్చి ఆ కొండను కదిలించేది వీడే అన్నారట. పిల్లవాడు చిల్లివాక్‌లో ఆదివాసీ పిల్లల కోసం పెట్టిన కోక్వలీట్జా రెసిడెన్షియల్ స్కూలుకు వెళ్లాడు. ఆ తర్వాత విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని ఆంగ్లికన్ థియొలాజికల్ కాలేజీలో చదివి 1946లో పట్టా తీసుకున్నారు. ఆ విశ్వవిద్యాలయం, కాల్డర్ జనానికి ఓటు లేని రోజుల్లో అట్లిన్ నుంచి గెలిచిన డాక్టర్ యంగ్ తెచ్చిన చట్టంతో పుట్టిందే.

1949లో బ్రిటిష్ కొలంబియా స్టేటస్ ఇండియన్లకు ఓటిచ్చింది. అదే ఏడాది జూన్‌లో ఎన్నికలు. సోషలిస్టు మొగ్గున్న సీసీఎఫ్ పార్టీ అట్లిన్ టికెట్ కాల్డర్‌కు ఇచ్చింది. ఆయన గెలిచారు. ఓటు హక్కు వచ్చిన మొదటి ఎన్నికల్లోనే ఆ జనం నుంచి ఒకరు అసెంబ్లీలో కూర్చున్నారు.

ఈ గెలుపు నియోజకవర్గం పరిమాణంతో నేరుగా ముడిపడి ఉంది. వాంకోవర్‌లోనో విక్టోరియాలోనో ఉన్న పెద్ద సీటులో కొన్ని వందల నిస్గా ఓట్లు కలిస్తే లెక్కలోకే రావు. అట్లిన్‌లో మొత్తం పోలయ్యే ఓట్లు వేలల్లో లెక్కపెట్టుకోవాల్సినంతే. అక్కడ నాస్ లోయలోని నాలుగు ఊళ్లు కలిసికట్టుగా వేస్తే ఫలితం మారిపోతుంది. గని కార్మికుల ఓట్లు కొన్ని తోడైతే చాలు. ఏ బౌండరీ కమిషనూ ఆదివాసుల కోసమని ఆ ఏర్పాటు చేయలేదు. బంగారం ఉన్న రోజుల్లో గీసిన గీతలు, జనం పోయాక కూడా ఎవరూ చెరపకపోవడం వల్ల అలా మిగిలాయి. రాజకీయాల్లో మంచి ఫలితాలు కొన్ని ఇలా నిర్లక్ష్యం వల్ల కూడా వస్తాయి.

ఆ విజయం ఎంత వింత పరిస్థితిలో వచ్చిందో గుర్తుంచుకోవాలి. కాల్డర్ చట్టాలు చేసే సభలో సభ్యులైనా, రిజర్వుల్లో, అంటే ఆదివాసులకని కేటాయించిన భూముల్లో, ఉన్న ఆయన జనానికి ఫెడరల్ ఎన్నికల్లో ఓటు రావడానికి 1960 దాకా ఆగాల్సి వచ్చింది. 1951 చివరిదాకా స్టేటస్ ఇండియన్లను బీరు పార్లర్లలోకి రానివ్వకూడదన్న నిబంధన ఉండేది. ఎమ్మెల్యే అయితే కావచ్చు, బీరు తాగకూడదు.

1952, 1953 ఎన్నికల్లో బ్రిటిష్ కొలంబియా అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస అంకెలు వేసే ప్రాధాన్య ఓటు పద్ధతిని ప్రయత్నించి వదిలేసింది. సోషల్ క్రెడిట్ పార్టీ అధికారంలోకి వచ్చి ఇరవై ఏళ్లు కదలలేదు. కాల్డర్ ఆ రెండు ఎన్నికలూ నెగ్గారు. 1956లో ఓడి, 1960లో మళ్లీ గెలిచారు. 1961లో సీసీఎఫ్ న్యూ డెమొక్రాటిక్ పార్టీగా, అంటే ఎన్డీపీగా, మారింది. ఈ మధ్యలోనే, 1955లో, నిస్గా ట్రైబల్ కౌన్సిల్ ఏర్పడింది. దాని అధ్యక్షుడు కూడా కాల్డరే. అంటే ఒకే మనిషి ఒకవైపు ప్రావిన్సు సభలో సభ్యుడు, మరోవైపు ఆ ప్రావిన్సుకు ఈ భూమి మీద హక్కెక్కడిదని అడిగే సంస్థకు పెద్ద.

సొంత ప్రభుత్వం మీద దావా

1967లో నిస్గా వాళ్లు బ్రిటిష్ కొలంబియా అటార్నీ జనరల్ మీద దావా వేశారు. లాయరు థామస్ బర్జర్, అప్పటికి కుర్రవాడే. అడిగింది ఎకరాలూ కాదు, పరిహారమూ కాదు. నాస్ లోయ మీద తమ హక్కు ఏనాడూ చట్టప్రకారం రద్దు కాలేదని కోర్టు ప్రకటించాలి, అంతే. 1969లో ట్రయల్ కోర్టు కొట్టేసింది. 1970లో అప్పీలు కోర్టూ కొట్టేసింది. వలస వచ్చేనాటికి నిస్గా వాళ్లు నాగరిక సమాజ వ్యవస్థలు పెద్దగా లేని ఆదిమ జనమని అప్పీలు కోర్టు ప్రధాన న్యాయమూర్తి డేవీ రాశారు. నదికి పేర్లు, వేట హద్దులకు వంశాలు, ఆస్తికి వారసత్వ నియమాలు ఉన్న జనం గురించి 1970లో రాసిన మాట ఇది.

సుప్రీంకోర్టు 1971 నవంబరులో వాదనలు వింది. తీర్పు 1973 జనవరి 31న వచ్చింది. ఏడుగురు న్యాయమూర్తుల్లో ఆరుగురు ఆదివాసీ హక్కు అనేది చట్టంలో ఉందని ఒప్పుకున్నారు. వలస ప్రభుత్వం ఇచ్చిన దానం కాదది, ఆ జనం ముందునుంచీ ఆ నేల మీద ఉండటం వల్ల వచ్చింది. ఆ హక్కు తర్వాతి చట్టాలతో రద్దయిందా అన్న దగ్గర ముగ్గురు అవునన్నారు, ముగ్గురు కాదన్నారు. కాదన్నవాళ్ల తరఫున జస్టిస్ ఎమెట్ హాల్ రాసిన అభిప్రాయం తర్వాత చాలా కాలం న్యాయశాస్త్రంలో నిలిచింది. ఏడో న్యాయమూర్తి పిజియన్ అసలు విషయంలోకే వెళ్లలేదు. ప్రభుత్వం మీద దావాకు ముందస్తు అనుమతి తీసుకోలేదని, కాబట్టి కేసు చెల్లదని అన్నారు. ఆ లెక్కన నిస్గా వాళ్లు కేసు ఓడిపోయారు.

ఓడినా దేశం మారింది. ఆదివాసులకు ప్రత్యేక హక్కులేమీ ఉండకూడదని అంతకు నాలుగేళ్ల ముందు విధాన పత్రం తెచ్చిన ప్రధాని పియర్ ట్రూడో ప్రభుత్వమే 1973 ఆగస్టులో భూమి దావాల మీద చర్చలకు సిద్ధమని ప్రకటించింది. ఆ తీర్పు వెలువడిన రోజున దావాలో మొదటి పేరున్న కాల్డర్ బ్రిటిష్ కొలంబియా మంత్రివర్గంలో ఉన్నారు. 1972లో డేవ్ బారెట్ నాయకత్వంలో ఎన్డీపీ మొదటిసారి గెలిచి, ఆయన్ని శాఖ లేని మంత్రిని చేసింది. కెనడాలో మంత్రి అయిన తొలి స్టేటస్ ఇండియన్ కూడా ఆయనే. తాను మంత్రిగా ఉన్న ప్రభుత్వమే తన కేసులో ప్రతివాది. ఇంతటి ఇరకాటం మరో ఎమ్మెల్యేకు వచ్చి ఉండదు. ఎన్డీపీ ప్రభుత్వం కూడా భూమి సంగతి ఒట్టావా చూసుకోవాలనే అంది. 1973 వేసవిలో వేరే వివాదంలో బారెట్ ఆయన్ని మంత్రివర్గం నుంచి తప్పించారు. 1975 ఎన్నికల నాటికి కాల్డర్ సోషల్ క్రెడిట్‌లోకి వెళ్లి, అదే అట్లిన్ నుంచి ఆ పార్టీ టికెట్ మీద గెలిచారు.

పార్టీ ఏదైనా ఓటర్లు మనిషినే చూశారని దీన్నిబట్టి అనవచ్చు. చిన్న నియోజకవర్గంలో పార్టీ గుర్తు కన్నా ముఖ పరిచయం గట్టిదని కూడా అనవచ్చు. రెండూ నిజమే కావచ్చు గానీ, అది ఎల్లకాలం నిలవలేదు.

ఒక్క ఓటు

1979 మే 10న జరిగిన ఎన్నికల్లో ఎన్డీపీ అభ్యర్థి అల్ పాసరెల్ చేతిలో కాల్డర్ ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు. ఇద్దరికీ కలిపి వచ్చిన ఓట్లు దాదాపు 1,500. ఆ రోజు కాల్డరూ ఆయన భార్యా ఓటే వేయలేదన్న మాట బ్రిటిష్ కొలంబియా రాజకీయాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ప్రజాస్వామ్యంలో ప్రతి ఓటూ విలువైనదేనని చెప్పడానికి ఈ ఉదాహరణ వాడేవాళ్లున్నారు. నిజానికి ఇది చెప్పేది ఇంకోటి. ఒక్క ఓటు ఫలితాన్ని మార్చే అవకాశం అట్లిన్‌లో ఎంత ఉందో, కోక్విట్లంలో అంత లేదు. కోర్టు పదేళ్ల తర్వాత అడిగిన ప్రశ్నకు ఇదే బీజం.

పాసరెల్ 1983లో మళ్లీ గెలిచి, ఆ తర్వాత ఆయన కూడా సోషల్ క్రెడిట్‌లోకి మారారు. 1986లో నియోజకవర్గంలోనే చిన్న విమానం కూలి మరణించారు. రోడ్లు లేని ఉత్తరాదిలో ఎమ్మెల్యే తిరిగేది ఎక్కువగా నీళ్ల మీద వాలే విమానాల్లోనే. అదే ఏడాది ఎన్నికల్లో నిస్గా న్యాయవాది లారీ గునో ఎన్డీపీ తరఫున గెలిచారు. అట్లిన్ చివరి ఎమ్మెల్యే ఆయనే.

తీర్పు

నియోజకవర్గాల హద్దుల మీద బ్రిటిష్ కొలంబియాలో అప్పటికే అపనమ్మకం పేరుకుని ఉంది. 1978లో వచ్చిన హద్దుల నివేదికలో వాంకోవర్–లిటిల్ మౌంటెన్ సీటుకు ఒక సన్నని పట్టీని అతికించారు. ఆ సీటు మంత్రి గ్రేస్ మెకార్తీది. ఆ పట్టీకి జనం ‘గ్రేసీ వేలు’ అని పేరు పెట్టారు. 1986లో 52 నియోజకవర్గాల నుంచి 69 మంది ఎమ్మెల్యేలు ఎన్నికయ్యారు. కొన్నిచోట్ల ఇద్దరేసి. దీని మీద బ్రిటిష్ కొలంబియా పౌర హక్కుల సంఘం నాయకుడు జాన్ డిక్సన్ కోర్టుకెక్కారు. 1982లో వచ్చిన హక్కుల చార్టర్‌లోని మూడో సెక్షన్ ప్రకారం ఓటు హక్కంటే పెట్టెలో కాగితం వేసే హక్కు ఒక్కటేనా, ఆ ఓటుకు దాదాపు సమానమైన బరువు ఉండే హక్కు కూడానా అన్నది ప్రశ్న.

1989 ఏప్రిల్‌లో తీర్పు రాసింది బెవర్లీ మెక్‌లాక్లిన్. అప్పుడే కెనడా సుప్రీంకోర్టుకు నియమితులయ్యారు, తర్వాత దేశ ప్రధాన న్యాయమూర్తి కూడా అయ్యారు. ఓటు బరువులో పూర్తి సమానత్వం సాధ్యం కాదని ఆమె ఒప్పుకున్నారు. భౌగోళిక పరిస్థితి, ప్రాంతీయ ప్రయోజనాల వల్ల కొంత తేడా అనుమతించవచ్చు. అయితే అది మొత్తం జనానికి మెరుగైన పాలన అందించేదై ఉండాలి. 5,511కీ 68,347కీ మధ్య ఉన్న తేడా ఆ కొలతకు నిలవదని తేల్చారు. పాత చట్టాన్ని వెంటనే కొట్టేస్తే ఎన్నికలే జరపలేరు కాబట్టి సరిచేసుకోవడానికి గడువిచ్చారు. అప్పటికే జడ్జి థామస్ ఫిషర్ కమిషన్ సగటుకు 25 శాతం ఇటూ అటూ దాటకుండా సీట్లు ఉండాలని సిఫారసు చేసింది. 1991లో 75 సీట్లు, ఒక్కోదానికి ఒక్కొక్క ఎమ్మెల్యే. అట్లిన్‌లోని ఎక్కువ భాగం స్మిథర్స్ లాంటి పట్టణాలతో కలిసి బల్క్లీ వ్యాలీ–స్టికీన్‌లోకి వెళ్లింది.

తీర్పును తప్పుపట్టడం కష్టం. పన్నెండు రెట్ల తేడాను ఏ సూత్రంతోనూ సమర్థించలేం. అట్లిన్ అలా మిగలడానికి కారణం ఆదివాసుల మీద శ్రద్ధ కాదు, ఉత్తరాదిలో సీట్లు చెరపడం ఏ పార్టీకీ లాభం కాకపోవడం. అట్లిన్ ప్రతిసారీ ఆదివాసీ అభ్యర్థినే గెలిపించిందనీ లేదు. అయినా ఆ తీర్పు తర్వాత జరిగింది ఒకటి గమనించాలి. గునో తర్వాత ఆ వాయవ్య ప్రాంతపు సీట్ల నుంచి ఫస్ట్ నేషన్స్ జనంలో, అంటే అక్కడి ఆదివాసుల్లో, ఒకరు అసెంబ్లీకి మళ్లీ ఎన్నికవడానికి 2017 దాకా పట్టింది. ఆ ఏడాది స్కీనా నుంచి హైస్లా జనానికి చెందిన ఎల్లిస్ రాస్ గెలిచారు. మధ్యలో పాతికేళ్లకు పైగా ఖాళీ. చిన్న సీటులో బరువున్న ఓట్లు పెద్ద సీటులో పలచనైపోవడమే దానికి మొత్తం కారణమని చెప్పలేం. కానీ జనాభా సమానత్వం అనే కొలత ఒక సముదాయానికి సభలో చోటు ఉందా లేదా అన్నది కొలవదన్న మాట మాత్రం నిలుస్తుంది. మెక్‌లాక్లిన్‌కు కూడా ఇది తెలియనిది కాదు. 1991లో సస్కాచెవాన్ ప్రావిన్సు నియోజకవర్గాల హద్దుల కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తరఫున రాస్తూ, చార్టర్ కోరేది అంకెల సమానత్వం కాదు, ఫలవంతమైన ప్రాతినిధ్యం అన్నారు. ఆ ప్రావిన్సు ఉత్తరాదిలోని రెండు సీట్లకు 50 శాతం దాకా తేడా ఉండనిచ్చారు. అప్పటికి అట్లిన్ కథ ముగిసింది.

1991లోనే, మార్చిలో, నిస్గా వాళ్లతో ఒట్టావా, విక్టోరియా ప్రభుత్వాలు చర్చల చట్రం మీద సంతకాలు చేశాయి. ప్రావిన్సు ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి ఒప్పుకున్నది అంతకు కొద్ది నెలల ముందే. ఒప్పందం 2000 మే 11న అమల్లోకి వచ్చింది. దాదాపు 2,000 చదరపు కిలోమీటర్ల భూమి, సొంత చట్టసభ, సొంత ప్రభుత్వం. కాల్డర్ అది చూసి 2006లో విక్టోరియాలో కన్నుమూశారు. ఒట్టావా పార్లమెంటు సంగతి పక్కన పెడితే, నాస్ లోయ జనం ఇప్పుడు రెండు సభలకు ఓటేస్తారు. ఒకటి తమదే, లోయలోనే. రెండోది విక్టోరియాలో, పెద్ద సీట్లలో ఒక భాగంగా.

ఆ ఉత్తరాది సీట్ల లెక్క మాత్రం ఇంకా తెగలేదు. డిక్సన్ తీర్పు తర్వాత చేసిన చట్టమే, మరీ ప్రత్యేకమైన పరిస్థితుల్లో 25 శాతం హద్దు దాటవచ్చని కమిషన్లకు వెసులుబాటు ఇచ్చింది. 2009లో వచ్చిన స్టికీన్ నియోజకవర్గం, అట్లిన్ ఊరు అందులోనే ఉండేది, విస్తీర్ణంలో రెండు లక్షల చదరపు కిలోమీటర్లకు దగ్గరగా ఉండేది. జనాభాలో ప్రావిన్సు సగటులో సగం కూడా ఉండేది కాదు. 2014లో ప్రభుత్వం ఉత్తర, అంతర్భాగ ప్రాంతాల సీట్లు తగ్గించకూడదని చట్టం చేసింది. 2021లో ఆ రక్షణ తీసేశారు. అయినా 2023లో కొత్త కమిషన్ సీట్లను 87 నుంచి 93కు పెంచి, పెంచినవన్నీ జనం వేగంగా పెరిగిన చోట్లకు ఇచ్చింది. ఉత్తరాదిలో ఒక్క సీటూ తీయలేదు. స్టికీన్ పేరు మాత్రం మళ్లీ బల్క్లీ వ్యాలీ–స్టికీన్ అయింది.